శనివారం నువ్వు లేకింగ్

మా థార్న్‌క్లఫ్‌లో పిల్లలు వీధిలో గోలీలాడుకుంటూ ఉంటే లేకింగ్ అంటారు. వాళ్ళ నాన్న మిల్లులో పని పోయి ఇంట్లో కూర్చుంటే అదీ లేకింగే. ఆటకూ, పనిలేకపోవడానికీ ఇంగ్లండులోని మా యార్క్‌షైర్ నోట ఒకే మాట. తెలుగు చెవికి ఇది 'పని లేక' అన్నట్టే వినిపిస్తుంది కాబట్టి మనకు సగం అర్థం పుణ్యానికే వచ్చేసింది. చిక్కంతా మిగతా సగంతోనే. మన దగ్గర మిల్లు ఆడుతోందంటే అందరికీ పని ఉన్నట్టు. ఇక్కడ మనిషి ఆడుతున్నాడంటే మిల్లు ఆడటం లేదేమోనని భయపడాలి.

ఇంగ్లండు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు ఒకాయన, మొదటి వారమే ఒకావిడ ఇంటికి వెళ్ళి, మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా అని అడిగాడు. "మూడు నెల్లుగా లేకింగండీ" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పాస్టరు పక్కవాళ్ళను ఆ మాటకు అర్థం అడిగాడు, ఆడటమని వాళ్ళు చెప్పారు. ఆ ఆదివారం ఆయన మగవాళ్ళకు ఆటలు ఎంత ఆరోగ్యమో ముప్పావు గంట ప్రసంగించాడు. ఆయన్ని వేరే ఊరికి మార్పించుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఊళ్ళో పుట్టినవాళ్ళు మాత్రం ఆ మాట దగ్గర పొరబడరు. చెప్పేవాడి మొహం చూస్తే ఏ అర్థమో ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, అయినా పొరబడ్డవాడు నాకు తెలిసి ఒక్కడే. అతని పేరు ఇర్విన్ సగ్డెన్.

1931 వేసవినాటికి ఇర్విన్‌కు నలభై ఆరేళ్ళు. పదమూడో ఏట మిల్లులో చేరి, మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ అయ్యాడు. మగ్గం ఆగితే నేతగాళ్ళు పిలిచే మొదటి పేరు అతనిదే. పనిలో అంత మొనగాడు, శనివారం మధ్యాహ్నం చర్చి క్రికెట్ జట్టులోకి వచ్చేసరికి పన్నెండో ఆటగాడు. అది కూడా పన్నెండేళ్ళుగా. పదకొండు మందిలో ఎవరికైనా ఏదైనా అయితే దిగాల్సినవాడన్నమాట. ఆ పన్నెండేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. జలుబులు, పెళ్ళిళ్ళు, ఒక అపెండిక్సు ఆపరేషను, అన్నీ శనివారం తప్పించుకునే వచ్చాయి. ఇర్విన్ పిచ్ మీద రోలరు లాగేవాడు, ముళ్ళపొదల్లో పడ్డ బంతి వెతికేవాడు, స్కోరు పుస్తకం రాసేవాడు, టీ డేగిసా మోసేవాడు.

"జట్టులో నా చోటు ఎవడూ లాక్కోలేడు. ఎవడికి కావాలి గనక?" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఎవరూ కాదనకపోవడం అతనికి కొంచెం గుచ్చుకునేది.

అతని భార్య ఆనిస్ ప్రతి శుక్రవారం సాయంత్రం అతని తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేసేది. ప్రతి శనివారం సాయంత్రం ఆ ప్యాంటు వెళ్ళింది వెళ్ళినట్టే మడత నలగకుండా తిరిగొచ్చేది. అప్పుడప్పుడు ఒక టీ మరక. ఆవిడ ఏమీ అనకుండా దాన్ని ఉతికి, మళ్ళీ శుక్రవారం ఇస్త్రీ చేసేది.

ఆనిస్ ఆ మ్యాచ్‌ను మ్యాచ్ అనేదే తప్ప లేకింగ్ అనేది కాదు. వీధిలో పిల్లలు గోల చేస్తే "అదిగో, ఆడుకుంటున్నారు" అని పాస్టరు భాషలో అనేది. దానికి కారణం ఉంది. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకు మిల్లులో పని పోయింది. ఆయన రెండు నెలలు ఊళ్ళన్నీ తిరిగాడు. ఆ తర్వాత సహకార కొట్టు పక్కనున్న నడుమెత్తు గోడమీద, పనిలేని మగవాళ్ళంతా కూర్చునే చోట, ఆయనా కూర్చున్నాడు. నాలుగేళ్ళు కూర్చున్నాడు. ఆనిస్ మిల్లుకు వెళ్తూ, వస్తూ ఆయన్ని చూసేది. ఆయన మాత్రం బూట్ల వైపు చూసుకునేవాడు. ఒక చలికాలం దగ్గు పట్టుకుని పోయాడు. పెళ్ళికి ముందు ఆనిస్ ఇర్విన్‌ను అడిగింది ఒక్కటే: "ఏమైనా కానీ, నువ్వు ఆ గోడెక్కకూడదు." ఇర్విన్ ఒట్టు వేశాడు. ఆ రోజుల్లో మిల్లులో మూడు షిఫ్టుల పని ఉండేది, ఒట్టు తేలిగ్గానే వచ్చింది.

ఆ వేసవిలో మిల్లులో సగం మగ్గాలకు దుప్పట్లు కప్పేశారు. ప్రతి శనివారం పన్నెండింటికి కూత పడగానే మేనేజరు ఎడ్గర్ హేగ్ ఒక కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. అందులో పేరున్నవాళ్ళు సోమవారం నుంచి రానక్కర్లేదు. మిగిలిన మగ్గాలకు ఒక మేస్త్రీ చాలు. ఉన్నది ఇద్దరు, ఇర్విన్, నార్మన్ బూత్. నార్మన్‌కు ముప్ఫై ఏళ్ళు, ముగ్గురు పిల్లలు, నాలుగో కాన్పు దగ్గరపడింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తూ, ఆ విషయం తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకునేవాళ్ళు.

అలాంటి ఒక బుధవారం మధ్యాహ్నం, ఇర్విన్ గేటు బయట మెట్టుమీద కూర్చుని పందికొవ్వు రాసిన రొట్టె తింటున్నాడు. పందిమాంసం కొట్టు క్లెమెంట్ తన వ్యానులో అటుగా వచ్చాడు. క్లెమెంట్ మా క్రికెట్ జట్టు కెప్టెను. మేనేజరు ఎడ్గర్‌కు స్వయానా తమ్ముడు. బండి ఆపే ఓపిక అతనికి జన్మలో లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి,

"ఏయ్ ఇర్విన్! శనివారం నువ్వు లేకింగ్! ఖాయమైపోయింది!" అని ఒక్క కేక వేసి పోయాడు.

చెప్పేవాడి మొహం చూస్తే అర్థం తెలుస్తుందన్నానా? ఇర్విన్ తల ఎత్తేసరికి వ్యాను మలుపు తిరుగుతోంది. అతనికి కనబడ్డ మొహం వ్యాను వెనక బొమ్మ వేసిన పందిది. అది నవ్వుతోంది.

ఇర్విన్ మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు తమ్ముడు చెప్పాడు. శనివారమన్నాడు, కాగితం చదివేది శనివారమే. ఖాయమైందన్నాడు. ఇంకేం కావాలి? పన్నెండేళ్ళు గీత అవతల కూర్చున్న మనిషికి ఆ మాటకు ఇంకో అర్థం ఉందనీ, అది తనకు కూడా వర్తించవచ్చనీ తట్టనే లేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒకపక్క నవ్వు, ఒకపక్క బాధ.

ఆ సాయంత్రం ఆనిస్‌కు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి ఉప్పు అడిగాడు. రెండోసారి కూరలో ఉప్పెక్కువైందన్నాడు.

గురువారం మధ్యాహ్నం భోజనం వేళ అతని కాళ్ళు అతన్ని సహకార కొట్టు వైపు తీసుకెళ్ళాయి. ఒట్టు గుర్తుంది. అయితే ఒట్టు పని పోయాక ఎక్కకూడదని, పని ఉండగా ఎలా ఉంటుందో చూడొద్దని కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. గోడమీద తొమ్మిదిమంది ఉన్నారు. పెద్దదిక్కు జాబెజ్ అనే ముసలి నేతగాడు, రెండేళ్ళ అనుభవం.

"ఏం అబ్బాయ్, దారి తప్పావా?" అన్నాడు జాబెజ్. ఇక్కడ నలభై ఆరేళ్ళవాడైనా అబ్బాయే.

"ఊరికే. ఎలా ఉంటుందో చూద్దామని."

"చూట్టానికి ఇదేమన్నా సముద్రమా? సరే, కూర్చో. అక్కడ కాదయ్యా, అది ఫ్రెడ్ చోటు."

"ఫ్రెడ్ లేడుగా?"

"పని వెతుక్కోవడానికెళ్ళాడు. దొరకదులే, నాలుగింటికొచ్చేస్తాడు. ఆ చివర వానగొట్టం పక్కన కూర్చో. కొత్తోళ్ళకదే."

"ఖాళీగా కూర్చోడానిక్కూడా ఖాళీ లేదన్నమాట. రోజంతా ఏం చేస్తారు?"

"పొద్దున బస్సు పోవడం చూస్తాం. సాయంత్రం అది రావడం చూస్తాం. మధ్యలో కాస్త తీరిక."

ఇర్విన్ వానగొట్టం పక్కన కూర్చున్నాడు. ఎండగా ఉంది, గోడ వెచ్చగా ఉంది. మూడు నిమిషాలు బాగానే గడిచాయి. నాలుగో నిమిషంలో వానగొట్టానికి ఒక మర వదులుగా ఉందని కనిపెట్టాడు. ఐదో నిమిషంలో జేబులోంచి పట్టుకారు తీసి దాన్ని బిగిస్తున్నాడు.

"ఒరేయ్, వీడు పనిచేస్తున్నాడ్రా!" అని ఎవరో అరిచారు.

"దిగు, దిగు," అన్నాడు జాబెజ్. "ఉన్న కాస్త పరువూ తీసేలా ఉన్నావ్. నువ్వు దీనికి పనికిరావు."

చివరికి సోమరితనం కూడా తనకు చేతకాలేదని ఇర్విన్ నవ్వుకుంటూ మిల్లుకు తిరిగొచ్చాడు. నవ్వు గేటు వరకే వచ్చింది. ఆనిస్ వాళ్ళ నాన్న కూర్చున్నది కూడా మొదట ఆ వానగొట్టం పక్కనేనేమో అన్న ఆలోచన వచ్చి ఆగిపోయింది.

రాత్రంతా ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చాడు. గేటు దగ్గర రెండువందల మంది ముందు తన పేరు చదివించుకోకూడదు. ఎటూ పోయేదే కదా, పెద్దమనిషిలా పోగొట్టుకోవాలి. శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. అది వట్టి వీడ్కోలులా వినబడింది. కొంచెం నిండుగా ఉంటుందని అందులో నార్మన్ సంగతి కూడా చేర్చాడు. ఈ చేర్పు ఎందుకు చేశాడో తర్వాత అతను ఎందరికో నిజాయితీగా చెప్పాడు, ఒక్కరూ నమ్మలేదు.

మిల్లుకు వెళ్తూనే నేరుగా మేనేజరు గదికి నడిచాడు. ఎడ్గర్‌కు కడుపులో మంట. వేడినీళ్ళలో సోడా ఉప్పు కలుపుకుని తాగుతున్నాడు. ఇర్విన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు.

"మిస్టర్ హేగ్, రేపటి సంగతి నాకు తెలుసండి. మీరు నోరు తెరిచి చెప్పే కష్టం మీకెందుకు? నేనే వెళ్ళిపోతా. నార్మన్‌ని ఉంచుకోండి. వాడికి ముగ్గురు పిల్లలు, నాలుగోది రేపోమాపో. మాకంటే ఇద్దరమే, ఎలాగోలా గడిచిపోతుంది."

ఎడ్గర్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్లమీద ఇటు తిప్పి పెట్టాడు.

"సగ్డెన్, వారం రోజులుగా నాకు తిండి సయించట్లేదయ్యా. ముప్ఫై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి ఎలా తీసేది? నావల్ల కాలేదు. ఇదిగో, చూడు."

కాగితం మీద ఆరు పేర్లున్నాయి. నాలుగోది నార్మన్ బూత్. సగ్డెన్ అన్న పేరు ఎక్కడా లేదు.

ఇర్విన్ ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. చెవుల్లో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడినట్టయింది. 'అయ్యా, పొరబాటు జరిగింది, నా మాట వెనక్కి తీసుకుంటున్నా' అనడానికి ఒక్క క్షణం చాలు. నోరు తెరిచాడు కూడా. నార్మన్ పేరు పక్కన ఎడ్గర్ పెన్సిలు ఆగి ఉంది.

"సరేనండి," అన్నాడు ఇర్విన్.

పెన్సిలు నార్మన్ పేరు కొట్టేసి, దానిపైన సగ్డెన్ అని రాసింది. ఎడ్గర్ లేచి వచ్చి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆనిస్ ప్యాంటు ఇస్త్రీ చేస్తోంది. "నా పని పోయింది," అన్నాడు ఇర్విన్. టోపీ తీసి మేకుకు తగిలించాడు. ఆనిస్ మోకాలి దగ్గర మడత పూర్తిచేసింది.

"గోడ?" అంది తల ఎత్తకుండా.

"ఎక్కను." గురువారం సంగతి అతని నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"రేపు మ్యాచ్‌కి ఇదే వేసుకెళ్ళు. పని పోయినంత మాత్రాన మురికి బట్టల్లో తిరగాలని ఎక్కడా రాసిలేదు," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. మడతపెట్టిన ప్యాంటును విప్పి మళ్ళీ మడతపెట్టింది.

శనివారం పన్నెండింటికి కూత పడింది. ఎడ్గర్ కాగితం చదివాడు. సగ్డెన్ పేరు వినగానే గేటు దగ్గర గుసగుస మొదలైంది. మేనేజరు చెప్పినట్టున్నాడు, నార్మన్ గుంపును తోసుకుంటూ వచ్చి ఇర్విన్ భుజం మీద తల పెట్టి అందరి ముందూ ఏడ్చేశాడు. యార్క్‌షైర్ మగవాడు అలా ఏడవడం జనం ఎప్పుడూ చూడలేదు, అందుకని అందరూ మర్యాదగా చిమ్నీ వైపు చూశారు.

అప్పుడే పందిబొమ్మ వ్యాను వచ్చి కీచుమని ఆగింది.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా!" అని అరిచాడు క్లెమెంట్. "రెండున్నరకి మ్యాచ్! ప్యాంటు తెచ్చుకున్నావా? బుధవారమే చెప్పాగా, లేకింగని! పోస్ట్‌మన్ హెరాల్డ్ కాలిమీద గోడకు తగిలించిన రేకు స్నానాల తొట్టి పడింది, బొటనవేలు బంతంత అయింది!"

ఇర్విన్ అతని మొహం చూశాడు. ఈసారి నిదానంగా చూశాడు.

"లేకింగంటే... ఆటా?"

"బ్యాటూ బంతీ! మరి నువ్వేమనుకున్నావ్?"

ఇర్విన్ వ్యాను వెనక మెట్టుమీద, పందిబొమ్మ కింద కూలబడ్డాడు. ముందు దగ్గులా వచ్చింది, తర్వాత అది నవ్వని జనానికి అర్థమైంది. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. త్యాగం చేసినవాడికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నారు.

మ్యాచ్ సంగతి పొడిగిస్తే అతని పరువు పోతుంది, క్లుప్తంగా చెబుతాను. మాకు ఎనభై నాలుగు పరుగులు కావాలి. డెబ్భై తొమ్మిది దగ్గర, ఓవరు చివరి బంతికి తొమ్మిదో వికెట్టు పడింది. ఇర్విన్ బ్యాటు పట్టుకుని దిగాడు. దిగేటప్పుడు మైదానం హద్దు తాడు తట్టుకుని మోకాలి మీద పడ్డాడు. లేచి పిచ్ దగ్గరికి వెళ్తే అవతలి చివర క్లెమెంట్ ఉన్నాడు. కొత్త ఓవరు ఆడాల్సింది అతనే.

"విను," అన్నాడు క్లెమెంట్. "నువ్వేం చెయ్యకు. కదలకు. మెదలకు. పన్నెండేళ్ళుగా చేస్తున్నదే చెయ్యి, కాకపోతే గీత లోపల నిలబడి చెయ్యి."

ఇర్విన్ ఆ పని అద్భుతంగా చేశాడు. క్లెమెంట్ మొదటి బంతిని నేలబారున తాడు దాటించాడు, రెండోదాన్నీ అలాగే. మ్యాచ్ మాది. స్కోరు పుస్తకంలో, ఆ రోజు ఇంకెవరి చేతిరాతో, ఇలా ఉంది: సగ్డెన్, నాటౌట్, సున్నా. అతను ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు. జనం అతన్ని భుజాల మీద మోశారు. మోసినవాళ్ళలో నార్మన్ ముందున్నాడు.

ఆ సాయంత్రం టీ డేగిసా దగ్గర ఇర్విన్ అందరికీ నిజం చెప్పేశాడు. తను తప్పు విన్నాననీ, నార్మన్ సంగతి ఉపన్యాసం నిండుగా ఉంటుందని చేర్చాననీ ప్రమాణం చేసి చెప్పాడు.

"ఎంత వినయమో చూడండి," అంది పాస్టరుగారి భార్య.

"కాదండీ, నేను వట్టి చెవిటి వెధవనండీ!"

"మంచివాళ్ళంతా అలాగే అంటారు నాయనా," అని ఆవిడ అతని కప్పులో ఇంకొంచెం టీ పోసింది. ఎంత తిట్టుకుంటే అంత పెద్దవాడైపోతున్నాడు. చివరికి విసుగొచ్చి తిట్టుకోవడం మానేశాడు.

ఇంటికెళ్ళి ఆనిస్‌కు మాత్రం మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. పందిబొమ్మ, ఉపన్యాసం, కాగితం, అన్నీ. గోడమీద ఐదు నిమిషాలు కూర్చున్న సంగతి కూడా దాచలేదు. ఆమె బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఆప్రాన్‌తో మొహం తుడుచుకుంది.

"నీకంటే మూర్ఖుడు ఈ లోయలో లేడు, ఇర్విన్."

"ఆ ముక్క బయటికెళ్ళి నువ్వయినా చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు."

ఆనిస్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "క్లెమెంట్ మాట తప్పు విన్నావు, సరే. ఎడ్గర్ దగ్గరికెళ్ళి వాగావు, సరే. కాగితం మీద నార్మన్ పేరు చూశావుగా. చూశాక నోరు మూసుకున్నావేం? అదీ పొరబాటేనా?"

"నోరు తెరిచాననే నా జ్ఞాపకం," అన్నాడు ఇర్విన్.

"ఏం రాలేదుగా."

ఇర్విన్ బూట్ల వైపు చూసుకోబోయి, ఎందుకో ఆగి ఆమె వైపు చూశాడు. భయంగా ఉందన్నాడు. తనకూ భయంగానే ఉందని ఆమె అంది. ఇద్దరూ చల్లారిన టీ తాగారు.

సోమవారం మా ఊళ్ళో బట్టలుతికే రోజు. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆరేస్తారు. ఇర్విన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి సోమవారం పొద్దున తన వీధి ఎలా ఉంటుందో చూస్తున్నాడు. ఆనిస్ తెల్ల ప్యాంటు పట్టుకుని బయటికి వచ్చింది. ఉతికింది, కానీ మోకాలి మీద అరచేయంత పచ్చగడ్డి మరక అలాగే ఉంది. ఆనిస్ ఉతికితే పోని మరక ఈ వీధిలో ఇంతవరకు లేదు. ఆమె ప్యాంటును అటూ ఇటూ తిప్పి, మరక ఉన్న వైపు వీధికి కనబడేలా ఆరేసింది.

పక్కింటి ఈడిత్ తన తాడు దగ్గర్నుంచి, చావింట్లో మాట్లాడే గొంతుతో అడిగింది: "ఏమ్మా ఆనిస్, మీ ఇర్విన్... లేకింగటగా?"

ఇర్విన్ కిటికీ తెర వెనక్కి జరిగాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనని మాట అది.

ఆనిస్ నోట్లోంచి బట్టల క్లిప్పు తీసి తాడుకు పెట్టింది.

"ఔను, లేకింగే," అంది వీధంతా వినబడేలా. "నాటౌట్."